సదిశకు పేరిడిన సర్ విలియం హామిల్టన్

భౌతికశాస్త్ర తరగతిలో అడుగిడిన తొలినాళ్లలోనే మనము అదిశ రాశి, సదిశ రాశి అను మాటలు విందుము. ద్రవ్యరాశి, కాలము, ఉష్ణోగ్రతలకు పరిమాణము చెప్పిన చాలును, ఇవి అదిశలు. స్థానభ్రంశము, వేగము, బలములకు దిక్కు కూడ చెప్పవలెను, ఇవి సదిశలు. తూర్పునకు 4 మీటర్లు, ఉత్తరమునకు 3 మీటర్లు నడచినవాడు 7 మీటర్ల దూరము నడచినను, బయలుదేరిన చోటికి 5 మీటర్ల ఎడముననే ఉండును. ఈ భేదము తెలుపు స్కేలార్, వెక్టార్ పదములను 1846లో గణితమున ప్రవేశపెట్టినవాడు సర్ విలియం రోవన్ హామిల్టన్.

ఆయన 1805 ఆగస్టు 4న ఐర్లండులోని డబ్లిన్ నగరమున జన్మించెను. ట్రిమ్ అను ఊరిలో పినతండ్రి వద్ద పెరిగి, బాల్యముననే గ్రీకు, లాటిన్ భాషలతో పాటు అరబ్బీ, పారసీ, సంస్కృతములను అభ్యసించెను. పదునాలుగేండ్లకే తల్లిదండ్రులిరువురిని కోల్పోయెను. అయినను చదువు విడువలేదు. 1827లో ట్రినిటీ కళాశాలలో ఇంకను విద్యార్థిగా ఉండగనే ఖగోళశాస్త్ర ఆచార్యుడయ్యెను. 1835లో సర్ బిరుదము పొందెను.

సమతలములోని బిందువులను సంకీర్ణ సంఖ్యలతో తెలుపవచ్చునని అప్పటికే ఎరుకపడినది. త్రిమితీయ అంతరాళమునకు అట్టి సంఖ్యలేవి? మూడేసి సంఖ్యల కూటములను కూడుట, తీసివేయుట ఆయనకు తెలిసెను. గుణించుట మాత్రము సంవత్సరములు గడచినను చిక్కలేదు. 1843 శరత్కాలమున ప్రతి ఉదయము ఫలాహార వేళ కుమారులు ఆ సంగతియే అడుగుచుండిరి. తండ్రి లేదని తల యూపుచుండెను.

1843 అక్టోబరు 16న భార్యతో రాయల్ కాలువ గట్టున నడచుచుండగా సమాధానము స్ఫురించెను. కావలసినవి మూడు కాదు, నాలుగు సంఖ్యలు. ఆనందము పట్టజాలక బ్రూమ్ వంతెన రాతిపై చాకుతో ఆ సూత్రమును చెక్కెను. గుణకారమున క్రమము మార్చినను ఫలము మారదను నియమమును అందుకై విడువవలసి వచ్చెను. క్వాటర్నియన్ అని ఆయన పిలిచిన ఆ సంఖ్యలో ఒక భాగము అదిశ. తక్కిన మూటి కూటమి సదిశ.

శేషజీవితమును దానికే ధారపోసెను. గ్రంథములు సుదీర్ఘములు, దురవగాహములు, అనుసరించినవారు కొలదిమంది. 1865 సెప్టెంబరు 2న కన్నుమూయునాటికి చివరి గ్రంథము పూర్తి కాలేదు. అది 1866లో వెలువడెను. 1880 దశకమున గిబ్స్, హెవిసైడ్ అను శాస్త్రజ్ఞులు వేర్వేరుగా క్వాటర్నియన్ గుణకారమును విడదీసి, పనిని లెక్కించు బిందు లబ్ధమును, భ్రామకమును తెలుపు వజ్ర లబ్ధమును నిలిపిరి. నేడు మనము చదువుచున్నది వారి పద్ధతియే.

ఆయన ప్రాణప్రదముగా ఎంచిన పరికరమును లోకము పక్కన బెట్టినది. ఆయన ఇడిన పేర్లను మాత్రము ఉంచుకొన్నది. నేడు వ్యోమనౌకల దిశను లెక్కించుటకు, కంప్యూటరు చిత్రములను తిప్పుటకు క్వాటర్నియన్లను మరల వాడుచున్నారు. అక్షరముపై చిన్న బాణము గీయునపుడెల్ల, ఆ వంతెన కడకు చేరుటకు ఆయన ఎన్ని ఏండ్లు లేదని తల యూపెనో మనము తలచుకొనుట న్యాయము.