విలియం మోరిస్

విలియం మోరిస్ (మార్చి 24, 1834 - అక్టోబర్ 3, 1896) ఆంగ్లేయ వస్త్ర రూపశిల్పి, కవి, సామ్యవాది. ఇతడు లండన్ సమీపాన వాల్తమ్‌స్టోలో సంపన్న కుటుంబంలో జన్మించి, ఆక్స్‌ఫర్డులోని ఎక్సెటర్ కళాశాలలో చదివాడు. 1861లో మిత్రులతో కలసి గృహాలంకరణ సంస్థను స్థాపించాడు. 1875లో అది ఇతని ఒక్కని యాజమాన్యంలో మోరిస్ అండ్ కంపెనీగా మారింది.

అద్దకం

ఆకులు, తీగలు, పువ్వులు ఇతని నమూనాలలో ప్రధానాంశాలు. నాటి రసాయనిక రంగులు త్వరగా వెలిసిపోవడం నచ్చక, లీక్ పట్టణంలోని థామస్ వార్డిల్ అద్దకశాలలో నీలిమందు మొదలైన సహజ వర్ణాలతో స్వయంగా ప్రయోగాలు చేశాడు. 1881లో వాండిల్ నదీతీరాన మెర్టన్ అబ్బేలో సొంత కర్మాగారం నెలకొల్పాడు. అక్కడ బట్టను మొదట నీలిలో ముంచి, చెక్క అచ్చులతో విరంజన ద్రవ్యాన్ని అద్ది, ఆ భాగాలలో నీలిని తొలగించి, పిదప ఎరుపు, పసుపు వర్ణాలను చేర్చేవారు. 1883 నాటి 'స్ట్రాబెర్రీ థీఫ్' ఈ విధంగా రూపొందినదే. కెల్మ్‌స్కాట్‌లో తాను అద్దెకు తీసుకొన్న ఇంటి తోటలో పండ్లు దొంగిలించే పిట్టలు దానికి ప్రేరణ.

సామ్యవాదం

కళ అందరికీ అందాలన్నది మోరిస్ ఆశయం. అయితే చేతిపని వలన వెల పెరిగి, ఇతని వస్త్రాలు ఎక్కువగా ధనవంతుల ఇళ్ళకే చేరాయి. ఈ వైరుధ్యం ఇతనిని బాధించింది. 1883లో డెమోక్రటిక్ ఫెడరేషన్‌లో చేరాడు. 1884 చివర సోషలిస్ట్ లీగ్ స్థాపనలో ముఖ్యపాత్ర వహించాడు. 1896లో లండన్‌లోని హామర్‌స్మిత్‌లో మరణించాడు.