బొమ్మల పెళ్ళి వయసులో పెళ్ళికూతురు

ఎండాకాలం సెలవులొస్తే ఆడపిల్ల చేతికి సూదీ దారం ఇచ్చి ఓ మూల కూర్చోబెట్టడం మన ఇళ్ళల్లో ఎప్పట్నుంచో ఉన్నదే. ఎండన పడి తిరగకుండా ఉంటుంది, రేపు అత్తారింట్లో పనికీ వస్తుంది. నాకూ ఆ విద్య అలాగే అబ్బింది. మార్కాపురంలో బడి మూసిన మర్నాడే గిద్దలూరులో అవ్వ వాళ్ళింటికి రైలెక్కేవాళ్ళం. కంభం దాటి, దూరంగా నల్లమల కనబడుతుంటే చాలు, నోట్లో నీళ్ళూరేవి. అడవి నుంచి వచ్చే మొర్రిపళ్ళు, లేత తాటిముంజలు, సాయంత్రాలు నన్నారి షర్బత్తు, మిట్టమధ్యాహ్నం గంట కొట్టుకుంటూ వచ్చే పుల్లైసు బండి... అయితే పుల్లైసుకి డబ్బులు ఊరికే రాలేవి కాదు. చేతిరుమాలు నాలుగంచులూ మడిచి కుట్టి చూపిస్తేనే అవ్వ కొంగుముడి విప్పేది. పెంపుడు పిల్లేమో దారపుండతో ఆడి అంతా చిక్కు చేసేది. దాన్ని తిట్టుకుంటూనే మిగిలిన పీలికలతో బొమ్మకి పరికిణీ కుట్టి, చెక్కబొమ్మలకి పెళ్ళి చేసేవాళ్ళం.

అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. సరిగ్గా ఆ ఎనిమిదేళ్ళ వయసులోనే దుర్గాబాయికి పెళ్ళయింది. బొమ్మల పెళ్ళి కాదు, నిజం పెళ్ళి!

దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు తెలియనివాళ్ళు మనలో ఉండరు. పోటీ పరీక్షలకి చదివే పిల్లలకైతే ఆమె పేరు కంఠతా వచ్చి ఉంటుంది. రాజ్యాంగ సభ సభ్యురాలు, ప్రణాళికా సంఘం సభ్యురాలు, ఆంధ్ర మహిళా సభ వ్యవస్థాపకురాలు. డిగ్రీలో ఉన్నప్పుడు నేనూ అలాగే వల్లె వేశాను. ఆ పదవుల వెనకాల ఒక మనిషి ఉందనీ, ఆ మనిషి మన ఇళ్ళల్లో ఆడవాళ్ళకి తెలిసిన బాధలే పడిందనీ పెళ్ళయి, పిల్లలు పుట్టి, ఇల్లు నడపడం మొదలుపెట్టాక గానీ నాకు తట్టలేదు.

ఆమె పుట్టింది 1909 జులై 15న, రాజమండ్రిలో. తండ్రి రామారావు గారు, తల్లి కృష్ణవేణమ్మ గారు. ఎనిమిదేళ్ళప్పుడు సుబ్బారావు అనే ఆయనతో పెళ్ళి చేశారు. ఆ రోజుల్లో అది వింతేమీ కాదు. పిల్ల పెద్దదయ్యాక కాపురానికి పంపడం రివాజు. ఈలోపల ఆ పిల్ల ఖాళీగా కూర్చుంటేగా!

బడిలో ఇంగ్లీషు మాధ్యమం పెట్టారని కోపం వచ్చి చదువు మానేసింది. మానేసి ఇంట్లో కూర్చోలేదు, హిందీ నేర్చుకుంది. తను నేర్చుకున్నది పదిమందికి నేర్పాలని ఒక బాలికా హిందీ పాఠశాల పెట్టింది. పాఠాలు చెప్పే పంతులమ్మ ఇంకా చిన్నపిల్లేనంటే నమ్మగలమా? ఆ బడి చూడడానికి వచ్చిన పెద్దలు కూడా ఆశ్చర్యపోయారట. వాళ్ళమ్మగారు కూడా కూతురి దగ్గర హిందీ నేర్చుకున్నారు.

1921 ఏప్రిల్లో గాంధీ గారు కాకినాడ వచ్చారు. అదీ మంచి ఎండల్లోనే. ఊళ్ళో దేవదాసీలు, ఘోషా పాటించే ముస్లిం స్త్రీలు ఆయన్ని చూడాలనీ, ఆయన మాట వింటే వాళ్ళ బతుకులు మారతాయనీ ఈ పిల్లకి అనిపించింది. ఏర్పాట్లు చూసే పెద్దమనుషులు, అయిదు వేల రూపాయల నిధి ఇస్తేనే గాంధీ గారి సమయం దొరుకుతుందని షరతు పెట్టారు. 1921లో అయిదు వేలంటే మాటలా! ఆ దేవదాసీ స్త్రీలే తలా కొంత వేసుకుని డబ్బు సమకూర్చారు. గాంధీ గారు వచ్చారు. ఆయన హిందీలో మాట్లాడుతుంటే పక్కన నిలబడి తెలుగులో చెప్పింది దుర్గాబాయే. విన్న స్త్రీలు ఒంటిమీది నగలు తీసి ఇచ్చేశారు. సమాజం ఎవరినైతే గడప బయట నిలబెట్టిందో వాళ్ళ దగ్గరికే ముందుగా వెళ్ళాలన్న బుద్ధి ఆ వయసులో ఎలా పుట్టిందో! నాకిప్పటికీ అబ్బురమే. ఆ తర్వాత ఆమె ఖద్దరే కట్టింది.

1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెసు మహాసభల్లో ఖద్దరు ప్రదర్శన దగ్గర వాలంటీరుగా నిలబడి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపిన కథ అందరికీ తెలిసిందే కాబట్టి ఎక్కువ చెప్పను. నిర్వాహకులు కంగారుపడి టిక్కెట్టు కొనుక్కొస్తే గానీ ఆమె దారివ్వలేదు. నెహ్రూ గారు మెచ్చుకున్నారు కూడా.

ఇక ఆ పెళ్ళి సంగతి. పదిహేనేళ్ళు వచ్చేసరికి తనకేం కావాలో ఆమెకి తెలిసింది. తన దారి వేరనీ, ఆయనతో కాపురం చెయ్యలేననీ తెగేసి చెప్పేసింది. తండ్రి, తమ్ముడు ఆమె పక్షాన నిలబడ్డారు. 1920ల్లో ఒక ఆడపిల్ల ఈ మాట అనడం ఒక ఎత్తు, పుట్టింటివాళ్ళు ఆమెని వెనకేసుకు రావడం ఇంకో ఎత్తు. ఇప్పటికైనా మనలో ఎంతమంది పుట్టిళ్ళు అలా నిలబడతాయి? సుబ్బారావు గారు తర్వాత మరొకరిని పెళ్ళి చేసుకున్నారు. పాఠ్యపుస్తకాల్లో ఆ కథ ఇంతటితో సరి. కానీ అసలు సంగతి ముందుంది, చెబుతాను.

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. మద్రాసులో ఆ సత్యాగ్రహాన్ని నడిపించినవాళ్ళలో టంగుటూరి ప్రకాశం పంతులు గారితోపాటు దుర్గాబాయి ఉన్నారు. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి తాలూకాలు తీసి ఒంగోలు జిల్లా చేసినప్పుడు, మా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచే వచ్చి కలిశాయి. 1972లో దానికి ప్రకాశం గారి పేరు పెట్టారు. ఆ పంతులు గారి పక్కన నిలబడి అరెస్టయిన ఇరవై ఏళ్ళ అమ్మాయి ఈమె అని తలుచుకుంటే నాకు ఏదో మా ఊరి మనిషన్నట్టే అనిపిస్తుంది.

1930 నుంచి 1933 దాకా మూడుసార్లు జైలుకెళ్ళింది. వెల్లూరు, మదురై జైళ్ళు. మదురైలో చాలా కాలం ఒంటరి కొట్లో పెట్టారు. చుట్టుపక్కల హత్యానేరాలకి శిక్ష పడ్డవాళ్ళు. అక్కడి ఆడఖైదీల్లో చాలామందికి అక్షరం రాదు. తాము చెయ్యని నేరాలకి కూడా, ఏం రాసి ఉందో తెలియని కాగితాల మీద వేలిముద్ర వేసి వచ్చినవాళ్ళున్నారు. ఆడవాళ్ళ తరఫున మాట్లాడాలంటే తను లా చదవాలని ఆమె అక్కడే నిశ్చయించుకుంది. బడి మానేసిన పిల్ల మళ్ళీ మొదటి మెట్టు దగ్గర నిలబడింది. ప్రైవేటుగా చదివి బెనారస్ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషను, తర్వాత ఇంటరు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఏ. ఆనర్సు, మద్రాసులో లా. 1942 నాటికి మద్రాసులో వకీలుగా నల్లకోటు వేసుకున్నారు. చదువు ఆపేసి మళ్ళీ పుస్తకం పట్టాలంటే సిగ్గుపడే మన తోటివాళ్ళకి ఈ వరస చూపించాలనిపిస్తుంది నాకు.

ఈ చదువుల మధ్యలోనే, 1937లో, మద్రాసు మైలాపూరులో ఆంధ్ర మహిళా సభకి అంకురం పడింది. మొదలు చాలా చిన్నది. లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్ అని, పిల్లల ఆటపాటల సంఘం. పిల్లల తర్వాత పెద్దాడవాళ్ళొచ్చారు. చిన్నప్పుడు చదువాగిపోయినవాళ్ళు, భర్త పోయినవాళ్ళు, భర్త వదిలేసినవాళ్ళు. వాళ్ళని బెనారస్ మెట్రిక్ పరీక్షకి కూర్చోబెట్టడం మొదలయింది. చదువుతోపాటు చేతిపనులు. మన అమ్మమ్మలు పుల్లైసు ఆశ చూపి నేర్పించే ఆ కుట్టుపనే అక్కడ పొట్ట పోసుకునే విద్య అయింది.

ఇప్పుడు ఆ అసలు సంగతి. 1941లో సుబ్బారావు గారు పోయారు. ఆయన రెండో భార్య వితంతువుగా బంధువుల ఇంట్లో మిగిలిపోయింది. అలాంటి ఇళ్ళల్లో అలాంటి మనిషి బతుకు ఎలా ఉంటుందో మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. అందరికంటే ముందు లేచి, అందరి తర్వాత తినే మనిషి ఆమె. ఈ సంగతి దుర్గాబాయికి తెలిసింది. తెలిసి ఊరుకోలేదు. తను కాదనుకున్న మనిషి భార్యని తన దగ్గరికి రమ్మని పిలిపించుకుంది. మహిళా సభలో ఉంచి చేతిపని నేర్పించింది. తర్వాత హైదరాబాదులో చేతిపనుల శిక్షణ సంస్థలో టీచరు ఉద్యోగం వచ్చేలా చూసింది.

ఈ సంగతి తెలిసిన రోజు నేను చాలాసేపు ఆలోచిస్తూ ఉండిపోయాను. కథలు రాసేదాన్ని కదా, ఇద్దరు ఆడవాళ్ళూ ఎదురుపడ్డ మొదటి క్షణం ఎలా ఉండి ఉంటుందా అని ఊహించబోయాను. నాకు చేతకాలేదు. సవతి అన్న మాటకి మన భాషలో ఎంత విషం ఉందో! సవతి పోరు, సవతి తల్లి, సవతి బిడ్డ... ఒక్క మంచి మాటా లేదు. ఆ మాటని పక్కకి నెట్టేసి, ఆమెని తన దగ్గర చదువుకోవలసిన, బతకవలసిన ఇంకో ఆడమనిషిగా చూడగలగడం! రాజ్యాంగ సభలో వందలకొద్దీ సవరణలు ప్రతిపాదించడం గొప్పే. కాదనను. సభాధ్యక్షుల పట్టికలో ఉన్న ఒకే ఒక్క మహిళ ఆమె. కానీ నా లెక్కలో దానికంటే ఇదే పెద్ద పని. ఇంకోటి గమనించండి, ఆమె ఇచ్చింది చీరా సారే కాదు, నెలనెలా పంపే డబ్బూ కాదు. ఒకరి ముందు చెయ్యి చాపక్కర్లేని పని. జీతం తీసుకునే పంతులమ్మ ఉద్యోగం.

స్వాతంత్ర్యం వచ్చాక ఇదే పని దేశమంతటికీ విస్తరించింది. 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడినప్పుడు మొదటి అధ్యక్షురాలు దుర్గాబాయే. మరుసటేడు నుంచి పల్లెల్లో విస్తరణ పథకాలు మొదలయ్యాయి. ఒక్కో పథకం కింద ఇరవై అయిదు దాకా పల్లెలు. పిల్లలకి బాల్వాడీ, ఆడవాళ్ళకి అక్షరాలు, పురిటి సాయం, చేతిపనుల తరగతి. మహిళా మండళ్ళకి గ్రాంట్లు వచ్చాయి. మన చిన్న ఊళ్ళల్లో మహిళా మండలి అంటే కుట్టుమిషను గుర్తుకు రావడం ఆ కాలం పుణ్యమే.

మా పెద్దమ్మ ఒకావిడ అలాంటి మండలిలోనే జాకెట్టు కత్తిరించడం నేర్చుకుంది. పెదనాన్న పోయాక ఆ మిషనే ఇద్దరు పిల్లల్ని చదివించింది. కానీ ఆమెకి లెక్క రాయడం రాదు. గుడ్డల కొట్టాయన రాసిందే లెక్క, ఇచ్చిందే కూలి. దేశమంతటికీ పలకలు పంపిన మార్కాపురంలో ఉండి, చేత పలక పట్టని మనిషి! కుట్టుమిషను ఒక్కటీ ఇచ్చి ఫొటో దిగి వెళ్ళిపోయే పథకాల్ని చూసినప్పుడల్లా నాకు ఆమే గుర్తొస్తుంది.

దుర్గాబాయికి ఆ లోటు ముందే తెలుసు. సూది ఒక్కటే చాలదని మదురై జైల్లో వేలిముద్రలు వేసినవాళ్ళని చూసినప్పుడే తెలిసి ఉంటుంది. అందుకే చదువాపేసిన పెద్దాడవాళ్ళకి చాలా ఏళ్ళ చదువుని రెండేళ్ళలో చెప్పే కండెన్స్‌డ్ కోర్సుల్ని బోర్డు 1958 నుంచి నడిపింది. మహిళా సభలో ఆమె ముందే చేసి చూసిన పద్ధతే అది. అలా మెట్రిక్ పాసయి నర్సులు, టీచర్లు, గ్రామసేవికలు అయినవాళ్ళు దేశంలో ఎందరో. స్త్రీ విద్య కోసం ఏర్పడిన జాతీయ మండలికీ ఆమే మొదటి అధ్యక్షురాలు.

1953 జనవరి 22న ఆమె చింతామన్ ద్వారకానాథ్ దేశ్‌ముఖ్ గారిని పెళ్ళి చేసుకున్నారు. ఆయన అప్పటి ఆర్థిక మంత్రి, రిజర్వు బ్యాంకు మొదటి భారతీయ గవర్నరు, సంస్కృతంలో దిట్ట. సాక్షి సంతకం చేసినవారిలో నెహ్రూ ఉన్నారు, కాకినాడలో టిక్కెట్టు లేక గుమ్మంలో ఆగిన ఆ నెహ్రూయే! ఆమెకప్పుడు నలభై మూడేళ్ళు. ఎనిమిదేళ్ళప్పుడు పెద్దలు కట్టిన ముడి కాదిది, తను కోరి వేసుకున్న ముడి.

తర్వాత మహిళా సభ హైదరాబాదుకీ వచ్చింది. ఆసుపత్రి, కాలేజీలు, అక్షరాస్యతా భవనం ఒకటొకటిగా లేచాయి. 1975లో పద్మవిభూషణ్ వచ్చింది. 1980లో ఆమె తన జీవితాన్ని చింతామన్ అండ్ ఐ అన్న పుస్తకంగా రాశారు. సుబ్బారావు గారి భార్య సంగతి మనకి తెలిసింది అందులోంచే. దాచిపెట్టకుండా, గొప్పగా చెప్పుకోకుండా తనే రాసుకున్నారు. 1981 మే 9న, మళ్ళీ ఎండాకాలంలోనే, ఆమె కన్నుమూశారు. దేశ్‌ముఖ్ గారు 1982 అక్టోబరు 2న పోయారు.