రేనాటి వీరుడు – వెండితెర వివాదం

మనిషి పోయినా పేరు పోదంటారు మన పెద్దలు. మరి ఆ పేరు ఎవరి సొత్తు? వంశంవాళ్ళదా, ప్రజలదా, డబ్బు పెట్టి సినిమా తీసినవాళ్ళదా? 1847లో ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 2019లో ఈ ప్రశ్నను మనముందు ఉంచాడు. అందుచేత ముందుగా ఆయన జీవితాన్ని, పిమ్మట ఆయన పేరు మీద నడిచిన వివాదాన్ని మిత్రులకు మనవి చేస్తాను.

1800లో నిజాం నవాబు రాయలసీమను కంపెనీవారికి దత్తం చేశాడు. మా గుర్రంకొండ కోట కూడా అట్లాగే చేతులు మారింది. దత్తమండలాలకు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పాళెగాళ్ళ కోటలు, సైన్యాలు తీసేసి వాళ్ళకు పింఛన్లు కట్టబెట్టాడు. శిస్తు నేరుగా రైతు దగ్గరే వసూలు చేసే రైత్వారీ పద్ధతి ఆయన కాలంలోనే మన సీమలో వేళ్ళూనింది. నిన్నటిదాకా కత్తి పట్టిన ఇండ్లు నెలనెలా కచేరి మెట్లెక్కి చేయి చాపవలసి వచ్చింది.

అటువంటి ఇంట్లో పుట్టినవాడు నరసింహారెడ్డి. తండ్రి పెద్దమల్లారెడ్డి. మాతామహుడు నొస్సం పాళెగాడు జయరామిరెడ్డి. మనవడి వంతుకు వచ్చిన పింఛను నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. అది కూడా సరిగ్గా ముట్టలేదు. 1846లో పింఛను కోసం మనిషిని పంపితే కోయిలకుంట్ల తాసీల్దారు అవమానించి తిప్పి పంపాడని చెబుతారు. జూలై 10న నరసింహారెడ్డి తన దండుతో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. తాసీల్దారు హతమయ్యాడు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. పదకొండు రూపాయల కోసం తిరగబడ్డాడంటే వీరుణ్ణి చిన్నబుచ్చినట్లని కొందరికి కోపం. కానీ ఆ దండులో ఉన్నవాళ్ళకు పింఛను ఎక్కడిది? ఊరి కాపలా కాసే కట్టుబడి బంట్రోతులు తరతరాలుగా తింటున్న మాన్యాలను, అనుభవించేవాడు చనిపోగానే కంపెనీ లాగేసుకుంటూ వచ్చింది. ఒకరికి పరువు పోయింది, మరొకరికి భూమి పోయింది. సేద్యం చేసే ఇంట్లో పుట్టినవాణ్ణి కాబట్టి నాకు ఈ రెండూ వేరువేరుగా కనిపించవు. భూమి పోయిన రైతుకు ఊళ్ళో పరువు ఎక్కడ మిగులుతుంది? పింఛను సంగతి చెబితే ఆయన చిన్నవాడు కాడు, ఆయన వెంట నడిచినవాళ్ళ బాధ దాచిపెడితేనే చిన్నవాడవుతాడు.

గోసాయి వెంకన్న, వడ్డె ఓబన్న వంటివాళ్ళు ఆయనకు కుడిభుజాలు. గిద్దలూరు దగ్గర వాట్సన్ సేనతో తలపడ్డాడు, నల్లమల అడవుల్లో తిరిగాడు. కడప కలెక్టరు కాక్రేన్ వెంటాడించాడు. కోయిలకుంట్ల, గుర్రంకొండ రెండూ ఆనాడు కడప జిల్లాలోవే. కాబట్టి ఆ కలెక్టరు మన తాతముత్తాతలకూ కలెక్టరే! అక్టోబరు 6న పేరుసోమల దగ్గర జగన్నాథకొండ మీద పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో జనం చూస్తుండగా ఉరితీశారు. తల నరికి కోటకు వేలాడదీశారు. 1877 దాకా, అంటే ముప్పై ఏండ్లు, అది అక్కడే ఉందని చెబుతారు. చచ్చినవాడికి ఇంతకన్నా పరువు నష్టం ఉంటుందా? అయినా రేనాటి పల్లెల్లో జనం ఆయన మీద పాటలు కట్టి పాడుకున్నారు. దొరలు తీసిన పరువును జనం నిలబెట్టారు.

ఇక సినిమా సంగతి. 'సైరా నరసింహారెడ్డి' తీసినప్పుడు, కథ తీసుకుని తమకు ఇచ్చిన మాట తప్పారని వంశీకులు కొందరు ఆందోళనకు దిగారు. వందేళ్ళు దాటిన చరిత్ర పురుషుని కథ ఎవరైనా తీయవచ్చునన్నది నిర్మాతల వాదం. వ్యవహారం హైకోర్టుకెక్కితే, ఇది అచ్చమైన జీవితచరిత్ర కాదని చిత్రంవాళ్ళు చెప్పుకున్నారు. కోర్టు విడుదల ఆపలేదు. 2019 అక్టోబరు 2న సినిమా వచ్చింది. అందులో ఝాన్సీ రాణి మన రెడ్డి కథ చెప్పి సైనికులకు ధైర్యం నూరిపోస్తుంది. ఇది రచయితల కల్పన.

ఇటువంటి తగువులు మనకే కొత్త కాదు. 1932లో హాలీవుడ్‌వాళ్ళు రాస్‌పుతిన్ కథ తీస్తే, అందులోని ఒక పాత్ర తానేనని, తన శీలానికి మచ్చ తెచ్చారని రష్యా రాకుమారి ఇరీనా యూసుపోవ్ లండన్‌లో దావా వేసింది. 1934లో 25,000 పౌండ్లు గెలుచుకుంది. పాత్రలన్నీ కల్పితాలంటూ సినిమా మొదట్లో కనిపించే ప్రకటన ఆ దావా తరువాతే వాడుకలో పడింది. ఆమె బతికి ఉంది కాబట్టి గెలిచింది. చనిపోయినవాడు సివిల్ దావా వేయలేడు. మన శిక్షాస్మృతిలో మాత్రం ఒక వెసులుబాటు ఉంది. బతికుంటే పరువు తీసే మాటను, ఇంటివాళ్ళను నొప్పించాలనే ఉద్దేశంతో చనిపోయినవారి మీద అంటే అది నేరమే. పాత 499వ సెక్షన్లోని ఈ వివరణ 2024లో వచ్చిన కొత్త సంహితలోనూ నిలిచింది.

చట్టం అంతవరకే కాపాడుతుంది. పొగడ్తతో చేసే కల్పనను ఏ కోర్టూ ఆపదు. ఓర్వకల్లు విమానాశ్రయానికి 2021లో ఆయన పేరు పెట్టారు, సంతోషమే. కానీ సినిమా చూసిన కుర్రవాడు కట్టుబడివాళ్ళ మాన్యాల సంగతి ఎరగకపోతే, వీరుడి బొమ్మ మిగులుతుంది గానీ కథ మిగలదు. సైన్సు విద్యార్థులమైన మనం ప్రయోగశాలలో కొలవని అంకెను రికార్డులో రాస్తే లెక్చరర్ గారు ఒప్పుకోరు. చరిత్రకు మాత్రం ఆ నియమం ఎందుకు వద్దు? సినిమా చూద్దాం, ఈల వేద్దాం. కానీ ఇంటికొచ్చాక ఒక పుస్తకం తెరుద్దాం, ఊళ్ళో పెద్దవాళ్ళను నాలుగు మాటలు అడుగుదాం. నరసింహారెడ్డి పరువుకు మనం కట్టగలిగిన శిస్తు అదే.