సర్ విలియం ఆస్లర్

వైద్యవిద్యను రోగి మంచం వద్దకు చేర్చిన మహనీయుడు సర్ విలియం ఆస్లర్. ఆయన 1849 జులై 12న కెనడాలోని బాండ్ హెడ్ గ్రామంలో జన్మించారు. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. తొలుత తండ్రి బాటలోనే నడవాలని తలచినా, ప్రకృతి పరిశీలనపై గల మక్కువ ఆయనను వైద్యశాస్త్రం వైపు మళ్ళించింది. 1872లో మాంట్రియల్‌లోని మెగిల్ విశ్వవిద్యాలయం నుండి పట్టం పొంది, ఐరోపాలో ఉన్నత విద్య అభ్యసించి, 1874లో మెగిల్‌లోనే అధ్యాపకులయ్యారు.

మాంట్రియల్‌లో ఆయన స్వయంగా వందలాది శవపరీక్షలు జరిపారు. గుండె కవాటాలపై సూక్ష్మజీవులు గూడుకట్టి ప్రాణం తీసే ఎండోకార్డైటిస్ అనే వ్యాధి ఆయన దృష్టిని ఆకర్షించింది. విడవని జ్వరాన్ని చూసి వైద్యులు దీనిని టైఫాయిడ్ అనో, మలేరియా అనో పొరబడేవారు. 1885లో లండన్‌లో చేసిన ఉపన్యాసాలలో ఆస్లర్ ఈ వ్యాధి స్వరూపాన్ని విశదీకరించారు. అంతకుముందే దెబ్బతిన్న కవాటాలకే ముప్పు అధికమని తెలిపారు. 1909లో ఆయన వర్ణించిన, వేళ్ళ కొనలపై కనిపించే నొప్పితో కూడిన బొడిపెలు నేటికీ ఆయన పేరుతోనే ప్రసిద్ధం.

1889లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో చేరి, విద్యార్థులను తరగతి గది నుండి రోగుల చెంతకు నడిపించారు. 1892లో ఆయన రచించిన వైద్యగ్రంథం దశాబ్దాలపాటు ప్రామాణికంగా నిలిచింది. 1905లో ఆక్స్‌ఫర్డ్ ఆచార్య పదవిని స్వీకరించారు. 1917లో మొదటి ప్రపంచ యుద్ధంలో కుమారుడు రెవెర్ మరణించడంతో ఆయన హృదయం కుంగిపోయింది. 1919 డిసెంబరు 29న ఆస్లర్ కన్నుమూశారు.

వ్యాధిని గుర్తించగలిగినా దానిని నయం చేసే మందు ఆయన కాలంలో లేదు. పన్ను తీసినప్పుడు నోటిలోని సూక్ష్మజీవులు రక్తంలో ప్రవేశిస్తాయని 1935లో ఓకెల్, ఇలియట్ అనే వైద్యులు నిరూపించారు. 1940 దశకంలో పెన్సిలిన్ రాకతో రోగులకు ఆశ చిగురించింది. 1955లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్, గుండె కవాటాలు దెబ్బతిన్నవారికి దంతచికిత్సకు ముందే యాంటీబయాటిక్ ఇవ్వాలని సూచించింది. 2007లో ఆ సూచనను కృత్రిమ కవాటాలు ఉన్నవారు, ఇదివరకే ఆ వ్యాధి సోకినవారు మొదలైన అధిక ప్రమాదం గలవారికి పరిమితం చేసింది. నిత్యం పళ్ళను, చిగుళ్ళను శుభ్రంగా ఉంచుకోవడమే మేలైన రక్షణ అని చాటింది. మందు చేతికి అందకపోయినా పరిశీలనను విడువని ఆస్లర్ కృషి, ఆ తరువాతి తరాలకు దారి చూపింది.