పేరు లేని ఇంజనీరు

1984లో రాకేశ్ శర్మ అంతరిక్షానికి వెళ్ళినప్పుడు నేను మన బడిలో చదువుతున్నాను. ఆయన ఎక్కిన సోయుజ్ నౌకకు తొలి రూపమిచ్చిన సెర్గీ కొరొల్యోవ్ పేరు మాత్రం ఇంజనీరునయ్యాకే విన్నాను.

కొరొల్యోవ్ 1907లో ఉక్రెయిన్‌లోని జితోమిర్‌లో పుట్టారు. 1938లో తప్పుడు అభియోగాలపై అరెస్టయి, కొలిమా బంగారు గనుల్లో చాకిరీ చేసి పళ్ళు పోగొట్టుకున్నారు. 1944లో విడుదలయ్యారు. ఆయన తయారుచేసిన రాకెట్టే 1957లో స్పుత్నిక్‌ను, 1961లో గగారిన్‌ను పైకి మోసుకెళ్ళింది. లోకమంతా ఆ వార్తలు రాసింది. సోవియట్ పత్రికలు మాత్రం ఆయన పేరు రాయకుండా 'ప్రధాన రూపశిల్పి' అని ఊరుకునేవి. 1966 జనవరి 14న శస్త్రచికిత్స సమయంలో కన్నుమూశాకే ప్రావ్దా ఆయన పేరు, ఫొటో అచ్చువేసింది.

మేం కట్టిన వంతెన శిలాఫలకంపై ఇంజనీర్ల పేర్లు లేవని ఒకప్పుడు నొచ్చుకున్నాను. కొరొల్యోవ్ గురించి చదివాక ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.