నావికుడు జాన్ న్యూటను

మన నేలకొండపల్లికి సముద్రము మిక్కిలి దూరము. మన విద్యార్థులలో ఓడను కన్నులార చూచినవారు కొద్దిమందియే యుందురు. చెరసాల కథలు మాత్రము ఈ యూరివారికి క్రొత్తవి కావు. ఇచ్చట పుట్టిన కంచెర్ల గోపన్న గోలకొండ చెరలో నుండిన సంగతి పసిపిల్లలకు సైతము తెలియును. ఇప్పుడు నేను వ్రాయబోవు పురుషుడు సంకెళ్లు తాను ధరించి, పిమ్మట ఇతరులకు తొడిగినవాడు.

జాన్ న్యూటను 1725 వ సంవత్సరము జూలై 24 వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి వర్తకపు ఓడకు కప్తాను. తల్లి భక్తురాలు, కుమారునికి చదువును దేవుని వాక్యమును తానే నేర్పెను. బాలునికి ఏడేండ్లు నిండకమునుపే ఆమె క్షయరోగముచే మరణించెను. పదునొకండవ యేట అతడు తండ్రివెంట ఓడ యెక్కెను.

1742 డిసెంబరులో తల్లి స్నేహితుల యింట మేరీ కాట్లెట్టు అను బాలికను చూచెను. ఆమెను విడిచి పోలేక జమైకాకు పోవలసిన ఓడను తప్పించుకొనెను. 1744 లో రాజుగారి నౌకాదళమువారు అతనిని పట్టుకొని హార్విచ్ అను యుద్ధనౌకలో బలవంతముగా చేర్చిరి. ఆ దినములలో అట్లు పట్టుకొనుట వాడుక. తండ్రి పలుకుబడివలన చిన్న యధికారము దొరకెను. అయితే ఆ ఓడ ఐదేండ్లపాటు తూర్పు సముద్రములకు పోవునని తెలియగా, మేరీ యెడబాటు సహింపజాలక, పారిపోవువారిని అడ్డగించుటకు పంపబడిన పడవనుండి తానే పారిపోయెను! పట్టుబడి, సంకెళ్లలో నుంచబడి, కొరడా దెబ్బలు తిని సామాన్య నావికుడయ్యెను. పిమ్మట మడీరా ద్వీపమువద్ద వేరొక ఓడకు మార్చబడెను. హార్విచ్‌లోనే యుండినయెడల మన చోళమండల తీరమును చూచియుండును. ఆ నౌక 1746 లో నాగపట్టణమువద్ద ఫ్రెంచివారితో పోరాడెను.

ఆఫ్రికాలో ఒక బానిసల వర్తకునియొద్ద ఆకలితోను జ్వరముతోను నలిగెను. 1748 మార్చిలో, ఇంగ్లాండునకు మరలి వచ్చుచుండగా, తుపానులో ఓడ మునుగబోవునప్పుడు దేవునికి మొఱ్ఱపెట్టెను. ఆ దినమును మరణపర్యంతము జ్ఞాపకము చేసికొనుచుండెను. 1750 ఫిబ్రవరి 1 వ తేదీన మేరీని వివాహమాడెను.

ఇక చెప్పవలసినది కష్టమైన సంగతి. మారుమనస్సు పొందిన తరువాతనే అతడు కప్తానై, 1750 మొదలు 1754 వరకు మూడు ప్రయాణములలో ఆఫ్రికావారిని సంకెళ్లతో సముద్రము దాటించెను. తిరుగుబాటు జరుగునేమో యని అనుమానించి బాలుర వ్రేళ్లకు ఇనుప మరలు బిగించినట్లు ఓడ దినచర్యలో తానే వ్రాసికొనెను. ఆ ఓడలనుండియే భార్యకు ప్రేమపూర్ణమైన లేఖలు వ్రాయుచు, ఆదివారములందు ప్రార్థనలు జరిపించుచుండెను. భార్య యెడబాటునకు అంతగా తపించినవానికి, తన ఓడలో బంధింపబడిన భర్తల దుఃఖమేల తోచలేదో! ఇది పరదేశముల సంగతి యని మనము తలంపరాదు. 17 వ శతాబ్దమున డచ్చివారు కరవు కాలములలో పులికాటు మొదలగు రేవులనుండి మనవారిని సహితము కొని, బటేవియాకు చేర్చిరి.

ఆ వృత్తిని మాన్పించినది మనస్సాక్షి కాదు, వ్యాధి. 1754 లో అకస్మాత్తుగా స్పృహదప్పగా వైద్యులు సముద్రయానము వలదనిరి. లివర్పూలు రేవులో సుంకపు ఉద్యోగము చేసి, 1764 లో ఓల్నీ గ్రామమునకు గురువుగా వచ్చెను. లోకమంతట పాడబడు అమేజింగ్ గ్రేస్ అను కీర్తన 1773 నూతన సంవత్సరమునకై అచ్చట వ్రాసినదే. దంపతులకు సంతానము లేదు. తలిదండ్రులు లేని మేనకోడండ్ర నిద్దరిని పెంచుకొనిరి. వారిలో ఎలైజా 1785 లో చనిపోగా బెట్సీ మిగిలెను.

1788 లో, ఓడ దిగిన ముప్పదినాలుగేండ్లకు, బానిస వ్యాపారమునుగూర్చి చిన్న గ్రంథము ప్రకటించి తన పాపమును బహిరంగముగా ఒప్పుకొనెను. 1790 లో పార్లమెంటు సభ్యుల యెదుట సాక్ష్యమిచ్చెను. ఆ డిసెంబరులోనే మేరీ పుండు వ్యాధిచే మరణించెను. భూస్థాపన ప్రసంగము ఆయనయే చేసెను. కన్నులు మందగించిన ముసలితనమున బెట్సీ ఆయనకు చేతికఱ్ఱ వంటిదయ్యెను.

1807 మార్చిలో బ్రిటిషువారి బానిస వ్యాపారమును నిషేధించు శాసనము వెలువడెను. అదే సంవత్సరము డిసెంబరు 21 వ తేదీన న్యూటను మరణించెను. లండనులో తన దేవాలయమున మేరీ ప్రక్కనే ఆయనను ఉంచిరి. 1893 లో ఆ యిరువురి యవశేషములను ఓల్నీకి కొనిపోయి ఒకే సమాధిలో పాతిపెట్టిరి.