గుంటూరులో గ్రహణం చూసిన జాన్సెన్

గుంటూరు అనగానే మనకు మిరపకాయలు గుర్తొస్తాయి. సెలవులకు ఢిల్లీలో రైలెక్కి ఆంధ్రాకు వెళ్ళే మనలో చాలామందికి, ఆ ఊరి పేరు ఖగోళశాస్త్ర చరిత్రలో కూడా ఉందని తెలియదు. అందుకు కారణం ఫ్రెంచి శాస్త్రవేత్త జూల్స్ జాన్సెన్.

ఆయన 1824 ఫిబ్రవరి 22న పారిస్‌లో పుట్టారు. పసితనంలో జరిగిన ప్రమాదంలో కాలు దెబ్బతిని, జీవితమంతా కుంటుతూనే నడిచారు. అందరు పిల్లల్లా బడికి వెళ్ళలేకపోయారు. చిన్న వయసులోనే బ్యాంకులో పనికి చేరి, పని చేసుకుంటూనే చదువుకున్నారు. డాక్టరేటు అందుకునేసరికి ఆయనకు 36 ఏళ్ళు.

ఆ రోజుల్లోనే వర్ణపటాల అధ్యయనం ఊపందుకుంది. పట్టకం గుండా వెళ్ళిన వెలుగు రంగులుగా విడిపోతుందని మనం చదువుకున్నాం. సూర్యకాంతిని అలా విడదీస్తే రంగుల మధ్య సన్నని నల్లని గీతలు కనిపిస్తాయి. ప్రతి వాయువుకూ తనవైన గీతలు ఉంటాయి. కానీ ఇక్కడే ఒక చిక్కు ఉంది. సూర్యుడి వెలుగు మన గాలిని దాటుకుని వస్తుంది. మరి వీటిలో సూర్యుడి గీతలు ఏవి? మన గాలి గీతలు ఏవి?

ఈ రెంటినీ వేరు చేయడమే జాన్సెన్ జీవితకాలపు పని అయింది. 1864లో జెనీవా సరస్సు ఒడ్డున పైన్ కట్టెలతో పెద్ద మంట వేయించి, సుమారు 21 కిలోమీటర్ల దూరం నుంచి దాన్ని పరిశీలించారు. దగ్గర నుంచి చూస్తే లేని గీతలు దూరం నుంచి కనిపించాయి. అంటే అవి మధ్యలో ఉన్న గాలివే! తరువాత 37 మీటర్ల ఇనుప గొట్టంలో ఆవిరి నింపి, దాని గుండా వెలుగు పంపి, వాటిలో చాలా గీతలకు నీటి ఆవిరే కారణమని తేల్చారు.

1867లో గ్రీసు దేశపు శాంటోరిని అగ్నిపర్వతం దగ్గరకు వెళ్ళారు. అక్కడ కనిపించేవి నిజంగా మండే వాయువులా, లేక లావా వెలుగు పడి మెరిసే ఆవిరా అన్నది అప్పటి సందేహం. కాగిన రాయి వెలుగులో రంగులన్నీ కలిసిపోయి ఉంటాయి. మండే వాయువు మాత్రం విడివిడి గీతలుగా వెలుగుతుంది. ఆ గీతలను ఏరి చూసి, మంటల్లో హైడ్రోజన్ ఉందని ఆయన చెప్పారు.

మరుసటి ఏడాది గుంటూరు వచ్చారు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. చంద్రుడు సూర్యుణ్ణి కప్పేయగానే అంచున ఎగసే జ్వాలలు ప్రకాశవంతమైన గీతలుగా కనిపించాయి. అవి ఎంత స్పష్టంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడవచ్చని ఆయనకు తోచింది. వెలుగును ఇంకా ఎక్కువగా విడదీస్తే ఆకాశపు కాంతి పలచబడుతుంది, గీత మాత్రం నిలుస్తుంది. మర్నాడు ఉదయమే ప్రయత్నించి, మామూలు ఎండలోనే ఆ జ్వాలలను చూశారు. ఇంగ్లండులో లాకియర్ కూడా విడిగా ఇదే పద్ధతి సాధించారు. ఇద్దరి ఉత్తరాలూ పారిస్ అకాడమీ ముందుకు ఒకే రోజు వచ్చాయి. ఇద్దరి ముఖాలతో ఫ్రాన్సు ఒక పతకం చేయించింది.

హీలియంను జాన్సెన్ గుంటూరులో కనుగొన్నారని చాలా పుస్తకాల్లో ఉంటుంది. నిజానికి ఆయన సాధించింది చూసే పద్ధతిని. ఆ జ్వాలల్లోని పసుపు గీత సోడియంది కాదని గుర్తించి, కొత్త మూలకం ఉండవచ్చని భావించినవారు లాకియర్. భూమి మీద ఆ వాయువును రామ్సే వేరుచేసింది 1895లో.

జాన్సెన్ ప్రయాణాలు ఆగలేదు. 1870లో పారిస్‌ను శత్రుసేనలు ముట్టడిస్తే, అల్జీరియాలో గ్రహణం చూడటానికి బెలూన్ ఎక్కి నగరం దాటారు. తీరా అక్కడ మబ్బు పట్టి ఏమీ కనిపించలేదు! 1883లో హవాయి దీవుల్లోని కిలోయియా అగ్నిపర్వతం మంటలను పరిశీలించారు. 69 ఏళ్ళ వయసులో, నడవలేని స్థితిలోనూ, మనుషుల సాయంతో మోంట్ బ్లాంక్ శిఖరం చేరారు. పైన గాలి పలచన కాబట్టి, ఆక్సిజన్ గీతలు మన గాలివేనా అని తేల్చుకోవడమే ఆయన ఉద్దేశం. 1907 డిసెంబరు 23న కన్నుమూశారు.

ఈనాడు అగ్నిపర్వతాల దగ్గర పరికరాలు ఆకాశాన్ని ఒక అంచు నుంచి మరో అంచు దాకా గాలిస్తూ, ఒక్కో దిక్కుకు ఒక్కో వర్ణపటం తీస్తాయి. సల్ఫర్ డయాక్సైడ్ ఎంతుందో లెక్కించే ముందు వాటిని ఏరాలి. వెలుగు చాలనివి, వెలుగు మితిమీరినవి పక్కన పెట్టాలి. పొగ లేని ఆకాశానిదొకటి పోలికకు తీసుకోవాలి. పోలికకు తీసుకున్నదానిలోనే పొగ ఉంటే లెక్క అంతా తక్కువగా తేలుతుంది. ఆ లెక్కను చూసి, కొండ కింద ఊళ్ళను ఖాళీ చేయించాలా వద్దా అని ఆలోచించేవారు ఉంటారు. మన ఢిల్లీ గాలిలోని నైట్రోజన్ డయాక్సైడ్‌ను ఉపగ్రహాలు కొలిచేది కూడా ఇలాంటి పద్ధతిలోనే.

కనిపించిందల్లా నమ్మకుండా, ఏది ఎక్కడి నుంచి వచ్చిందో ముందు అడగాలి. బడికి వెళ్ళలేకపోయిన జాన్సెన్ జీవితం బడికి వెళ్ళే మనకు నేర్పే పాఠం ఇదే. ఈసారి గుంటూరు మీదుగా రైల్లో వెళ్ళేటప్పుడు ఆయనను ఒక్కసారి తలచుకుందాం.